ఊపిన తల

ఊపే ఉంటాను. ఊపకుండా ఎలా ఉంటాను, నలభై ఏళ్ళుగా నా మెడ నేర్చిన విద్య అదొక్కటే కదా. ఎవరైనా కుడివైపు నుంచి ఏదైనా చెబితే మొదట కళ్ళు కొంచెం చిన్నవి చెయ్యాలి, శ్రద్ధగా వింటున్నట్టు. తర్వాత పెదవి చివర చిన్న నవ్వు. తర్వాత తల, ఒకసారి కిందికి, ఒకసారి పైకి. ఎదుటి మనిషి తృప్తిగా వెళ్ళిపోతాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. నాకు తెలియలేదని అతనికి తెలియదు. ఇద్దరికీ సుఖం.

బస్సు బరంపురం దాటి మొగలి పొదల మధ్యకి వచ్చింది. ఎప్పటిలాగే కుడివైపు కిటికీ సీట్లో కూర్చున్నాను. ఈ సీటు దొరక్కపోతే తర్వాతి బస్సు కోసం ఆగుతాను. పద్మావతి దీదీకి గాలి ఇష్టం అని బడిలో నా గురించి చెప్పుకుంటారు. గాలితో నాకేం పని. పనికిరాని చెవిని కిటికీకి ఇచ్చి, పనికొచ్చే చెవిని మనుషులకి ఉంచుకోవడం, అంతే.

పొద్దున్న ఫోన్లోకి వచ్చిన జాబితాని మళ్ళీ తెరిచాను. రేపటి నుంచి బరంపురంలో నాలుగు రోజుల శిబిరం, చుట్టుపక్కల బడుల స్కౌట్లకీ గైడ్లకీ. నేను గోపాల్‌పూర్‌లో లెక్కలు చెబుతాను, అక్కడి గైడ్ పిల్లలకి కెప్టెన్ని. మా పిల్లలు ఏడుగురు, మందార దళం. జాబితాలో మందార దళం కింద ఆరు పేర్లే ఉన్నాయి. ఏడో పేరు లక్ష్మీప్రసన్న. అది చివరి పేజీలో ఉంది, 'ఆశా దళం' అనే కొత్త శీర్షిక కింద, వేరే వేరే బడుల నుంచి ఏరిన ఇంకో ముగ్గురి పక్కన. ఈ నలుగురికీ గుడారం లేదు, గెస్ట్‌హౌస్‌లో గదులు. నడక లేదు, వంట లేదు, ముడుల పరీక్ష లేదు. వేదిక పక్కన కుర్చీలు. సర్టిఫికెట్లు అప్పుడే అచ్చయ్యాయి, వాటి ఫొటో కూడా పంపారు, బంగారు రంగు అంచుతో. దాని కింద వెంకటరమణమూర్తి గారు రాసిన రెండు వాక్యాలు. ఆ రోజు మనం అనుకున్న ప్రకారమే ఏర్పాటు చేశానమ్మా. మీరు ఒప్పుకోవడం నాకెంతో ధైర్యం ఇచ్చింది.

నేను ఒప్పుకున్నాను. ఎప్పుడు?

పోయిన నెల మీటింగులో అయి ఉండాలి. మూర్తి గారు ఈ శిబిరాల నిర్వాహకులు, రిటైరైన హెడ్మాస్టరు, మంచివారు. ఆ హాల్లో నేనెప్పుడూ వరసకి కుడి చివర, గోడని ఆనుకుని కూర్చుంటాను. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరో టిఫిన్ పొట్లాలు పేర్చారు. మధ్యలో కూర్చోవలసి వచ్చింది. పైన ఫ్యాను కిరకిర, బయట జనరేటరు. ఆయన నా కుడి పక్క కుర్చీలోకి వచ్చి, వంగి, రెండు నిమిషాలు ఏదో చెప్పారు. చివర్లో ఆయన కళ్ళలో తడి కనిపించింది. తడి చూసి నేను ఇంకా గట్టిగా ఊపాను.

ఒక పిల్లని దాని దళంలోంచి తీసి కుర్చీలో పెట్టడానికి నా మెడ చాలింది.

నాకు ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. వాపు తగ్గింది, కుడి చెవి మాత్రం తిరిగి రాలేదు. అమ్మ మంచం మీద కూర్చుని, ఎడమ చెవికి నోరు ఆనించి, ఎవరితోనూ అనకు అంది. ఎందుకని అడగలేదు. ఎందుకన్నది ఆమె గొంతులోనే ఉంది. ఇప్పుడు అమ్మ లేదు. సగం చెవుడుందని నా ఉద్యోగం ఎవరూ తీసెయ్యరు, నన్ను చూసి ఎవరూ నవ్వరు, నవ్వినా నలభై ఏడేళ్ళ మనిషికి పోయేదేమీ లేదు. అయినా మాట మిగిలింది. కారణం చచ్చిపోయాక భయం ఇంకా ఆరోగ్యంగా ఉంటుంది. దానితో వాదించడానికి ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి.

పదమూడో ఏట గైడ్లలో చేరాను. ఎందుకంత ఇష్టంగా చేరానో అప్పుడు నాకు తెలియదు. అక్కడ మాటలు తక్కువ. చెయ్యి చాపితే వరస. పిడికిలి చూపిస్తే ఒకరి వెనక ఒకరు. రెండు చేతులూ పక్కలకి చాపి ముందుకి ఊపితే గుర్రపు నాడాలా అర్ధవలయం. బడిలో ప్రతి ప్రశ్నకీ అందరికంటే వెనక తెలివి వచ్చే పిల్లని, ఆ మైదానంలో అందరికంటే ముందు కదిలేదాన్ని. చురుకైన పిల్ల అన్నారు, బ్యాడ్జీలు ఇచ్చారు, పెద్దయ్యాక కెప్టెన్ని చేశారు. ఆ గుంపు నన్ను తెలియక చేర్చుకుంది. తెలిసి ఉంటే కుర్చీ వేసేది.

ప్రసన్న సంగతి వేరు. ఆమెది దాచగలిగేది కాదు. పుట్టుకతోనే కాళ్ళ నరాలు బిగుసుకుపోయి ఉన్నాయి, మోకాళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, మడమలు నేలకి ఆనవు. చేతికర్రతో నడుస్తుంది. నడుస్తుంటే భుజాలు అలల మీద పడవలాగా ఊగుతాయి. ఎనిమిదో తరగతి. చేపలు పట్టేవాళ్ళ పేటలో పిల్ల. గైడ్లలో చేరతానని రెండేళ్ళ కిందట తనంతట తానే వచ్చి అడిగింది. నేను ఆలోచించి చెబుతాను అన్నాను. ఆలోచించేదాకా ఇక్కడే ఉంటాను అంది, స్టాఫ్‌రూం గుమ్మంలో.

గైడ్లు రోజుకొక మంచి పని చేసి డైరీలో రాయాలి. మొదటి నెల చివర డైరీలు తెప్పించి చూశాను. ఆరు డైరీల్లో ఉన్నది ఒకటే మంచి పని. సోమవారం ప్రసన్న సంచి మోశాను. మంగళవారం ప్రసన్నకి నీళ్ళు తెచ్చాను. బుధవారం ప్రసన్నని మెట్లు దించాను. దళం నాయకురాలు కుమారి ఒకే రోజు రెండు రాసుకుంది, మర్నాటిది కూడా అయిపోతుందని. ఏడో డైరీ ప్రసన్నది. ఒడియాలో, తీరైన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది. ఈ రోజు కుమారికి నా సంచి మొయ్యనిచ్చాను. ఈ రోజు వాణికి నా కోసం నీళ్ళు తేనిచ్చాను. వాణికి అది చాలా అవసరం.

ఇంటికెళ్ళి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. మర్నాడు అన్ని డైరీల్లోనూ ఎర్ర సిరాతో రాశాను, ఇకమీదట ప్రసన్న మీద మంచి పనులు నిషేధం అని. వారం రోజులు పిల్లలకి మంచి పనులు దొరక్క చాలా కష్టపడ్డారు. ఆ తర్వాత దారిలో పడ్డారు, ప్రసన్నతో పోట్లాడడం కూడా నేర్చుకున్నారు.

కానీ నేను ఆమెకి చేసిన మంచి పని ఏమిటి? ఫొటో తీసే రోజున రెండో వరసలో నిలబడు అని చెప్పాను. కర్ర వెనక్కి పెట్టుకో, ముందు పిల్ల భుజం మీద చెయ్యి వేసుకో, ఎవరికీ తెలియదు. చాలా ప్రేమగా చెప్పాను, నాకు తెలిసిన అత్యుత్తమ విద్య అది. ఆమె నా మాట విని అలాగే నిలబడింది. ఆ ఫొటోలో ప్రసన్న ముఖం ఏదో దొంగిలించి దాచుకున్న పిల్ల ముఖంలా ఉంటుంది. నా ముఖం నా ఫొటోలన్నిటిలోనూ అలాగే ఉంటుంది.

గోపాల్‌పూర్‌లో బస్సు దిగాను. ఆదివారం, హోటళ్ళ ముందు జనం, వేయించిన చేపల వాసన. నేను చేపల పేటవైపు నడిచాను. చెయ్యాల్సిన పని ఒకటే. ప్రసన్న తల్లికి రేపటి ఏర్పాటు చెప్పి, గెస్ట్‌హౌస్‌కి ఎన్నింటికి తీసుకురావాలో చెప్పి, మూడు గంటల బస్సు అందుకోవాలి.

ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. సముద్రంలో ఎక్కడో ఉన్న వలకి రెండు తాళ్ళు, ఒక్కో తాడుకి పాతికమంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, బడి లేని పిల్లలు. తాడుని నడుముకి ఆనించి వెనక్కి వెనక్కి నడుస్తారు. చివరికి చేరినవాళ్ళు వదిలేసి మళ్ళీ నీటి దగ్గరికి పరిగెత్తి తాడు అందుకుంటారు. ఆ చివర, ఇసుకలో కాళ్ళు చాపుకుని ప్రసన్న కూర్చుని ఉంది. వచ్చిన తడి తాడుని వచ్చినట్టే చుట్టలుగా పేరుస్తోంది. చుట్టలో ఎక్కడ మెలి పడినా మళ్ళీ వల వేసేటప్పుడు తాడు చిక్కుకుంటుంది, పడవ కూడా తిరగబడొచ్చు. అందుకని తాడు చుట్టే మనిషి చెయ్యెత్తితే పాతికమందీ ఆగాలి. ఆరేళ్ళప్పటి నుంచి ప్రసన్న కూర్చునే చోటు అది. అంతకుముందు కాలు పోయిన నరసన్న తాత అక్కడ కూర్చునేవాడట. ఆ చోటు జాలితో ఇచ్చింది కాదు. ఎవరో ఒకరు కూర్చోకపోతే వల ఒడ్డుకి రాదు.

ప్రసన్న తల్లి జగ్గమ్మ ఆ పక్కనే గంపలు కడుగుతోంది. ఆమె నా ఎడమవైపుకి వచ్చేలా చూసుకుని నిలబడ్డాను. గెస్ట్‌హౌస్ గురించి చెప్పాను. మంచం, ఫ్యాను, పక్కన ఒక ఆయా, వేళకి భోజనం. నా గొంతు నాకే నచ్చలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి ఉద్యోగం గురించి చెప్పే మధ్యవర్తిలా ఉంది. జగ్గమ్మ గంప బోర్లించి, మిగతా ఆరుగురికీ మంచాలేనా అని అడిగింది. కాదు, వాళ్ళకి గుడారాలు అన్నాను.

"మరి ఆ ఆరుగురూ రాత్తిరి ఏటి సెప్పుకుని నవ్వుకున్నారో నా గుంటకి ఎవులు సెప్తారు దీదీ?"

సర్టిఫికెట్ వస్తుందని అన్నాను, పరీక్షలు లేకుండానే. జగ్గమ్మ సముద్రంవైపు చూస్తూ, నాకు కాదు, తాడు లాగేవాళ్ళకి చెప్పినట్టుగా చెప్పింది.

"ఇక్కడ తాడు ముట్టుకున్నోడికి సేపలో వాటా. ముట్టుకోనోడికి నేదు. ముట్టుకోకండా ఇత్తే దాన్ని వాటా అనం దీదీ, ముష్టి అంటాం. ఆ మాట మీ ఆఫీసులో ఎవులికీ తెల్దా?"

ప్రసన్న ఎడం చెయ్యి పైకెత్తింది. తాడు ఆగింది. పాతికమంది నడుములు వెనక్కి వంచి, బరువు పట్టుకుని నిలబడ్డారు. తాడు మెలి పడలేదు, అది ఆమెకీ నాకూ తెలుసు. నీళ్ళలో మొదట నిలబడ్డ కొండలు మావ వెనక్కి తిరిగి, ఏటే కలెక్టరమ్మా, మీటింగు పెట్టినావా, సేతులు తెగిపోతన్నాయి అన్నాడు. నలుగురు నవ్వారు. ప్రసన్న చెయ్యి దించలేదు.

"సర్టిఫికెట్ అప్పుడే అచ్చేసినారా దీదీ?"

అవునన్నాను.

"మరి నాలుగు రోజులూ నాను ఏటి సెయ్యాల?"

వేదిక పక్కన కూర్చోవాలని, పెద్దలు వచ్చి పలకరిస్తారని, ఫొటోలు తీసుకుంటారని చెప్పాను.

"ఒచ్చి సూసి ఎల్లిపోడానికి నానేటి లైట్‌హౌసునా?"

కొండలు మావ మళ్ళీ నవ్వాడు, ఈసారి నా మీద. తర్వాత ప్రసన్న మెల్లిగా, నేను భయపడుతున్న ప్రశ్న అడిగింది. ఇదంతా ఎవరు ఒప్పుకున్నారని. పైవాళ్ళు నిర్ణయించారన్నాను.

"మీరేటన్నారు?"

"నేనేమీ అనలేదు."

నిజమే చెప్పాను. నా జీవితంలో అబద్ధాలు చాలా తక్కువ, అన్నీ ఇలాంటి నిజాలే. ప్రసన్న నన్ను కాసేపు చూసింది, తాడులో మెలి ఎక్కడ మొదలైందో వెతికేటప్పుడు చూసినట్టు. కోపం లేదు ఆ చూపులో. పని ఉంది.

"నాను మందార దళంతోనే వత్తాను," అంది. "ఆ కుర్సీ ఎవులికి కావాలో ఆలు కూసోవచ్చు."

చెయ్యి దించింది. తాడు కదిలింది.

మూడు గంటల బస్సులో కుడివైపు కిటికీ దొరికింది. ఎవులికి కావాలో ఆలు కూసోవచ్చు. ఆ పిల్లకి నా సంగతి తెలుసా? తెలియదు. తెలియకుండానే మనుషులు సరిగ్గా అక్కడే కొడతారు, అందుకే దెబ్బ తగులుతుంది. నాలుగు కుర్చీల పక్కన ఐదోది నాకు కనబడుతోంది. దిండు, పూలదండ, పక్కన వంగి గట్టిగా, విడి విడిగా మాట్లాడే ఒక దయగల మనిషి. నేను ప్రసన్న తరఫున నోరు విప్పితే, ఆ రోజు ఒప్పుకున్నారు కదమ్మా అంటారు మూర్తి గారు. నాకు వినపడలేదు అనాలి. వినపడకపోతే ఎందుకు ఊపారు అంటారు. అక్కడి నుంచి అన్నీ లాగుతారు, తాడు లాగినట్టు, నలభై ఏళ్ళు మొత్తం ఒడ్డుకి వస్తాయి. ఎన్ని మీటింగుల్లో ఊపాను, ఎవరెవరి దుఃఖానికి ఊపాను, చావు కబురుకి ఎప్పుడైనా నవ్వానా. ఇంత భయంలో నాకు జాలి వేసింది ఎవరి మీద? నా మీద. ప్రసన్న మీద కాదు. ఇదీ గమనించాను. గమనించడం వల్ల నేను మంచిదాన్నైపోను. నేను బాగా చేసే రెండో పని అది, చాలా కచ్చితంగా గమనించి ఏమీ చెయ్యకపోవడం.

ఫోను తీసి, రేపు రాలేను సార్, జ్వరం, అని టైప్ చేశాను. చెరిపేశాను. ఆ రోజు మీరు చెప్పింది నాకు వినపడలేదు సార్, అని టైప్ చేశాను. దాన్ని ఇంకా తొందరగా చెరిపేశాను. చివరికి, రేపు కలుద్దాం సార్, అని పంపాను. ఆయన వెంటనే చేతులు జోడించిన బొమ్మ పంపారు.

ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత సులువుగా ఉండేది. మర్నాడు పొద్దున్న బరంపురం మైదానంలో ఆయన ఇస్త్రీ మడత చెదరని స్కార్ఫ్‌తో, డెబ్బై ఏళ్ళ వయసులో, గుడారాల మేకులు తనే వంగి చూసుకుంటున్నారు. వేదిక పక్కన షామియానా నీడలో నాలుగు కుర్చీలు. వాటి మీద దిళ్ళు ఆయన భార్య కుట్టినవట. మూడు కుర్చీల్లో పిల్లలు అప్పటికే ఉన్నారు, మెడలో బంతిపూల దండలతో. చూపు లేని ఒక అమ్మాయి దండలో పూలు ఒక్కొక్కటీ తడిమి లెక్కపెడుతోంది. పొట్టి చెయ్యి ఉన్న అబ్బాయి ఒకడు నేల చూస్తున్నాడు. మూడోవాడు చమఖండి నుంచి వచ్చిన లోకనాథ్, పన్నెండేళ్ళుంటాయి, పుట్టు చెవుడు. వాడు నేల చూడడం లేదు. మైదానం మొత్తాన్ని కళ్ళతో తినేస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. అది నా చూపే. నేను ముఖం తిప్పుకున్నాను.

మందార దళం ఆటోలో వచ్చింది. ఏడుగురు దిగారు. ప్రసన్న యూనిఫాం అందరిలాగే ఉంది, బూట్లు అందరికంటే నల్లగా మెరుస్తున్నాయి. వాలంటీర్ ఒకతను దండ పట్టుకుని ఎదురు వెళ్ళి, కుర్చీవైపు చూపించాడు. ప్రసన్న దండ తీసుకుని ఆటో డ్రైవరు మెడలో వేసింది. పిల్లలు గొల్లుమన్నారు. డ్రైవరు ఆ దండతోనే వెళ్ళిపోయాడు.

జెండా ఎగరేసే ముందు పిల్లల్ని అర్ధవలయంగా నిలబెట్టడం నా పని, ఇరవై ఏళ్ళుగా. విజిల్ ఊదాను. మైకులో దేశభక్తి పాట హోరెత్తుతోంది, విజిల్ సగంమందికి చేరలేదు. రెండు వందల మంది పిల్లలు అటూ ఇటూ చూస్తున్నారు. రెండు చేతులూ పక్కలకి చాపి ముందుకి ఊపాను. మళ్ళీ ఊపాను.

అందరికంటే ముందు కదిలింది లోకనాథ్. కుర్చీలోంచి బాణంలా లేచి, పరిగెత్తుకొచ్చి, అర్ధవలయం ఎక్కడ మొదలవ్వాలో సరిగ్గా అక్కడ, నా చేతికి తిన్నగా నిలబడ్డాడు. దండ వీపు మీదకి తిరిగిపోయింది. వాడిని చూసి మిగతావాళ్ళు కదిలారు. వాలంటీర్ నవ్వుతూ వచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి నడిపించాడు. వాడు నడుస్తూనే తిరిగి తిరిగి చూస్తూ నన్ను వేలితో చూపిస్తున్నాడు. ఆమె పిలిచింది. ఆమె పిలిచిందయ్యా. ఆ వేలు చెబుతున్నది మైదానంలో నాకొక్కదానికే అర్థమైంది. వాలంటీర్ వాడిని కూర్చోబెట్టి, బుగ్గ నిమిరి, దండ సరిచేశాడు.

నాకు ఆ క్షణంలో దయ పుట్టలేదు. కోపం వచ్చింది. ఎంత పాత కోపమో అది, ఏడేళ్ళ పిల్లది, ఎక్కడో గుడ్డల మూటలో అడుగున ఉండిపోయింది. పిలిచింది నేను. వచ్చింది వాడు. మధ్యలో వీళ్ళెవరు?

దళం నాయకులు ఒక్కొక్కరే ముందుకొచ్చి, సెల్యూట్ చేసి, తమ దళంలో ఎంతమంది హాజరో చెప్పాలి. కుమారి వచ్చింది. మందార దళం, ఏడుగురు, అంది ఒడియాలో, మైదానం చివరికి వినపడేలా. నా పక్కన మూర్తి గారి చేతిలో కాగితం ఉంది. కాగితంలో ఆరుగురు. ఆయన కళ్ళజోడు సర్దుకుని మందార దళం వరసని వేలితో లెక్కపెట్టారు. వరసలో మూడోది ప్రసన్న, మొదటి వరసలోనే. కర్ర ముందు పెట్టుకుంది, దాని మీద రెండు చేతులూ వేసుకుంది. ఎండ సూటిగా ముఖం మీద పడుతున్నా కళ్ళు దించలేదు.

ఆయన కాగితం మడిచి నా దగ్గరికి జరిగారు. కుడివైపు నుంచి. వంగి, నా చెవి దగ్గర, ఎవరూ నొచ్చుకోకుండా, చాలా మెల్లిగా మాట్లాడారు. వక్కపొడి వాసనతో ఊపిరి చెవికి తగిలింది. మాట తగల్లేదు. అవసరం లేదు కూడా. ఆయన చెయ్యి ప్రసన్నవైపు వెళ్ళింది, అక్కడి నుంచి నాలుగో కుర్చీవైపు వెళ్ళింది. అప్పటికే ఇద్దరు వాలంటీర్లు వరస చివరికి వచ్చి నిలబడ్డారు, నా తలవైపు చూస్తూ. కుమారి కూడా నా తలవైపే చూస్తోంది. ఇంత చిన్న కదలిక మీద ఇంతమంది కళ్ళు ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఉండేవేమో.

మెడకి నా అనుమతి అక్కర్లేదు. దాని పని అది మొదలుపెట్టింది. కళ్ళు చిన్నవయ్యాయి. పెదవి చివర నవ్వు బయల్దేరింది, అది నాకు చర్మం కింద తెలుస్తోంది, బల్లి పాకినట్టు. ఇంకొక్క అంగుళం. ఆ తర్వాత అందరికీ సుఖం. మూర్తి గారికి, వాలంటీర్లకి, జెండాకి, సమయానికి. ఆ పిల్లని తీసుకెళ్ళి దిండు మీద పెడతారు, ఆమె పెనుగులాడితే పాపం అంటారు. సాయంత్రం నేను ఇంటికెళ్ళి దీన్నంతా చాలా కచ్చితంగా గమనిస్తాను.

మైకులో పాట ఆగిపోయింది. ఎవరో జెండా తాడు సరిచేస్తున్నారు. మూర్తి గారు వినపడలేదేమో అన్నట్టు ఇంకా దగ్గరికి వంగి, మళ్ళీ అదే చెవిలో మొదలుపెట్టారు.

ఆయన మాట సగంలో ఉండగా నేను చెయ్యెత్తాను, ఆగమని. ఆయన ఆగారు. వాలంటీర్లు ఆగారు. ప్రతిజ్ఞ చెప్పించేటప్పుడు వాడే గొంతు ఒకటి నాకుంది, మైకు లేకుండా రెండు వందల మందికి చేరేది.

"సార్, ఆ చెవి నాకు వినపడదు," అన్నాను. "ఏడో ఏటి నుంచీ వినపడదు. పోయిన నెల మీరు చెప్పింది కూడా వినపడలేదు, ఊరికే తల ఊపాను. ఇటువైపు రండి. వచ్చి, ఆ పిల్లని ఎందుకు తియ్యాలో ఈ పిల్లలందరికీ వినపడేలా చెప్పండి."